కారు ముందు బంపర్ లిప్

కారు ముందు బంపర్ లిప్ అనగా కారు ముందు బంపరు అడుగు అంచునకు బిగించబడి, నేల వైపునకు కొద్దిగా దిగియుండే పలుచని ప్లాస్టిక్ లేదా రబ్బరు పట్టీ. క్రింది పెదవి వలె ముందుకు పొడుచుకొని ఉండుట వలన దీనికి ఈ పేరు వచ్చినది. కారు ముందు భాగములో నేలకు మిక్కిలి దగ్గరగా ఉండేది ఇదే కావున, తరచుగా విరిగే భాగములలో ఇది ఒకటి. సాధారణ పనిముట్లతో దీనిని ఇంటి వద్దనే మార్చుకొనవచ్చును. తెలంగాణలోని జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల రహదారులు ఈ వ్యాసములో ఉదాహరణలుగా తీసుకొనబడినవి.

చరిత్ర

తొలినాటి కార్లకు ఇనుప బంపర్లు ఉండేవి. వాటి క్రింద లిప్ అవసరము కలుగలేదు. 1972లో విడుదలైన రెనో 5 కారుతో ప్లాస్టిక్ బంపర్లు పెద్ద ఎత్తున తయారయ్యే కార్లలోకి వచ్చినవి. 1972 మోడల్ పోర్షా 911 ఎస్ కారుకు ముందు భాగమున గాలిని అడ్డగించే చిన్న పట్టీని అమర్చినారు. ఇట్టివి క్రమముగా సామాన్య కార్లలోకి కూడా వచ్చినవి. భారతదేశములో అంబాసిడర్ వంటి పాత కార్లు ఇనుప బంపర్లతోనే నడిచినవి.

ఉపయోగము

కారు వేగముగా పోవునపుడు కొంత గాలి దాని క్రిందికి చొరబడి, ఇంజను అడుగు భాగములకు తగిలి వేగమును అడ్డుకొంటుంది. లిప్ ఈ గాలిని చాలావరకు ప్రక్కలకు మళ్ళిస్తుంది. దాని వెనుక పీడనము తగ్గుట వలన రేడియేటరు గుండా గాలి చక్కగా లాగబడుతుంది. అందువలన కొన్ని కార్లలో లిప్ ఊడిపోయిన తరువాత, ఊరిలో తిరిగినంత సేపు ఏమీ తెలియకపోయినా, రహదారిపై దూరప్రయాణములో ఇంజను వేడెక్కడము కనిపిస్తుంది. దీనిని కేవలము అలంకారమని కొట్టివేయుట సరికాదు.

రెండవ ఉపయోగము చౌకదనము. బంపరుకు తగలవలసిన దెబ్బను మొదట లిప్ తీసుకొంటుంది. బంపరు పగిలితే రంగు వేయించవలసి వస్తుంది. రంగు లేని నల్లని లిప్ పగిలితే దానిని మాత్రమే మార్చితే సరిపోతుంది.

విరుగుటకు కారణములు

కంపెనీవారు ప్రకటించే గ్రౌండ్ క్లియరెన్స్ కారు అడుగు భాగమునకు సంబంధించిన కొలత. లిప్ విషయములో అంతకంటె ముఖ్యమైనది, ముందు టైరు నుండి లిప్ అడుగు అంచునకు గీసిన గీత నేలతో చేసే కోణము. ఉదాహరణకు టైరు నేలను తాకే చోటుకు 70 సెంటీమీటర్ల ముందు, నేలకు 20 సెంటీమీటర్ల ఎత్తున లిప్ ఉంటే ఈ కోణము సుమారు 16 డిగ్రీలు. అందము కొరకు మరొక 4 సెంటీమీటర్లు క్రిందికి దిగే లిప్ తగిలిస్తే అది 13 డిగ్రీలకు పడిపోతుంది.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణము ప్రకారము గంటకు 25 కిలోమీటర్ల వేగమునకు ఉద్దేశించిన స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధముతో ఉండవలెను. లెక్క వేసి చూస్తే దాని వాలు ఎక్కడా 6 డిగ్రీలను పెద్దగా మించదు. అనగా ప్రమాణము ప్రకారము కట్టిన స్పీడ్ బ్రేకరు ఏ సామాన్య కారు లిప్‌కూ తగలకూడదు. అయితే గ్రామముల లోపలి దారులలో ఒక అడుగు వెడల్పున, గోడ వలె నిటారుగా వేసినవి కనిపించుట అందరికీ అనుభవమే. అట్టి చోట బ్రేకు తొక్కుతూ ఎక్కితే కారు ముక్కు ఇంకా క్రిందికి వంగుతుంది. ముందే వేగము తగ్గించి, ఎక్కే సమయమున బ్రేకు వదలివేయుట మేలు.

హైదరాబాదు నుండి జనగామ మీదుగా వరంగల్ వైపు పోవు జాతీయ రహదారి 163 (పూర్వము 202) నాలుగు వరుసలుగా విస్తరించబడినది. దాని నుండి గ్రామముల లోనికి మళ్ళిన తరువాతనే లిప్‌కు చిక్కులు మొదలవుతాయి. వానాకాలము, యాసంగి కోతల తరువాత రైతులు వడ్లను, మక్కజొన్నలను రోడ్డు మీద ఆరబోస్తారు. వాహనములు ఎక్కకుండా కుప్పల చుట్టూ రాళ్ళు, కొమ్మలు పెడతారు. కల్లములు చాలనందున రైతు చేసే పని ఇది. కాని రాత్రివేళ తలకాయంత రాయి లైటు వెలుగులో ఆలస్యముగా కనబడుతుంది. అది లిప్‌ను చీల్చుట చిన్న నష్టము. దానిని తప్పించబోయి ద్విచక్ర వాహనములపైకి పోవుట పెద్ద నష్టము.

భూపాలపల్లిలో సింగరేణి బొగ్గు గనులు, చెల్పూరు వద్ద 1100 మెగావాట్ల కాకతీయ తాప విద్యుత్ కేంద్రము ఉన్నవి. బొగ్గు లారీలు, మహదేవపూర్ వైపు నుండి వచ్చే గోదావరి ఇసుక లారీలు తిరిగే దారులలో గుంతలు పడడము, బొగ్గు పెళ్ళలు రాలడము సహజము. మేడారం జాతర సమయమున కోత కోసిన పొలములలో కార్లు నిలుపుతారు. ఒడ్లు, గట్టిపడిన కొయ్యకాళ్ళు క్రింది పట్టీలను పట్టి లాగుతాయి. (మేడారం 2016 నుండి 2019 వరకు భూపాలపల్లి జిల్లాలో ఉండి, తరువాత ములుగు జిల్లాలో చేరినది.)

మహబూబాబాద్ జిల్లాలో వాగుల నీరు మరొక కారణము. నీటిలోనికి పోయిన కారుకు లిప్ తెడ్డు వలె పనిచేస్తుంది. నీటి వత్తిడికి క్లిప్పులు ఊడి, ఇంజను క్రింది కవరుతో సహా వ్రేలాడబడుతుంది. ఇది పోయినదే లాభము అనుకొనవలసిన సందర్భములు కూడా కలవు. 2024 సెప్టెంబరు 1న కురిసిన భారీ వర్షమునకు కేసముద్రము, ఇంటికన్నె మధ్య రైలు మార్గము కొట్టుకొనిపోయినది. అదే వానలలో మరిపెడ మండలములో ఆకేరు వాగు ఉధృతికి ఒక కారు కొట్టుకొనిపోయి తండ్రీకూతుళ్ళు మరణించినారు. రోడ్డు కనబడనంత నీరు పారుచున్నపుడు కారు దింపరాదు.

పదార్థములు

కంపెనీ లిప్‌లు ఎక్కువగా రబ్బరు కలిపిన పాలీప్రొపిలీన్‌తో తయారవుతాయి. ఇవి వంగినా త్వరగా విరగవు. బయట దొరికేవి ఏబీఎస్ ప్లాస్టిక్, ఫైబర్ గ్లాస్, పాలీయురేథేన్, కార్బన్ ఫైబరు రకములు. ఫైబర్ గ్లాస్, కార్బన్ ఫైబరు గట్టివే కాని రాయి తగిలితే పగిలిపోతాయి. పైన చెప్పిన దారులలో తిరిగే కారుకు కంపెనీ రకమే తగినది.

ఇంటి వద్ద మార్చు విధానము

కావలసినవి: ప్లస్, మైనస్ స్క్రూడ్రైవర్లు, 10 నంబరు పానా, కొన్ని కార్లకు నక్షత్రపు తల బిట్లు, కొత్త క్లిప్పుల పొట్లము, సబ్బునీరు, పాత గుడ్డలు. క్లిప్పులను ముందే కొనుట అవసరము. పాతవి తీయునపుడు సగము విరుగుతాయి. క్లిప్పులు చాలక రెండు చోట్ల వదిలివేసిన లిప్ మళ్ళీ ఊడుతుంది.

కారును చదునైన నేలపై నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనుక చక్రములకు రాళ్ళు అడ్డు పెట్టవలెను. ఇంజను చల్లారనివ్వవలెను. స్టీరింగును ఒక ప్రక్కకు పూర్తిగా త్రిప్పితే చక్రము వెనుక నుండి లిప్ చివరి స్క్రూలు అందుతాయి. అందువలన చాలా కార్లను పైకి ఎత్తవలసిన పనియే ఉండదు. ఎత్తవలసి వస్తే జాకీ ఒక్కదానిని, ఇటుకలను నమ్ముకొని కారు క్రిందికి దూరరాదు. జాకీ జారినా, ఇటుక చిట్లినా తప్పించుకొనే వ్యవధి ఉండదు. బరువును తట్టుకొనే ఇనుప స్టాండ్లు లేకపోతే ఆ పనిని మెకానిక్కునకు వదలివేయుట మంచిది.

విప్పుటకు ముందు అడుగు భాగమును ఫోటో తీసుకొనవలెను. ప్లాస్టిక్ క్లిప్పు నడుమ ఉన్న చిన్న మేకును మొదట పైకి లేపి, తరువాత మొత్తము క్లిప్పును లాగవలెను. చివరల నుండి మధ్యకు విప్పుకొంటూ రావలెను. స్క్రూలన్నీ తీసిన తరువాత కూడా లిప్ రాకపోతే, బంపరు గాళ్ళలో ఇమిడిన దాని కొక్కెములే కారణము. ముందు అమర్చిన దిశ చూసుకొని మెల్లగా వెనుకకు, క్రిందికి నొక్కితే వస్తాయి. ఫాగ్ ల్యాంపు తీగలు అడ్డు వస్తే కనెక్టరు వద్దనే విడదీయవలెను. బంపరు మొత్తము విప్పవలసి వచ్చే కార్లలో, ముఖ్యముగా ముందు రాడారు ఉన్న కొత్త కార్లలో, ఈ పని ఇంటి వద్ద చేయకుండుటే మేలు.

పాత లిప్ తీసిన చోట బురద కడిగి, బంపరు అంచు చీలినదేమో, ఇంజను క్రింది కవరు వదులైనదేమో చూడవలెను. ఈ తనిఖీ లిప్ మార్చుటకంటె ముఖ్యమైనది. వదులైన కవరు రహదారి వేగమునకు గాలిని పట్టుకొని చిరుగుతుంది. ఊడిన ముక్క వెనుక వచ్చే మోటారు సైకిలు చక్రము క్రింద పడవచ్చును.

కొత్త లిప్‌ను మొదట మధ్యలో, తరువాత రెండు చివరలలో వదులుగా తగిలించి, అంచులు సరిపోయినవని చూసుకొని అన్నింటినీ బిగించవలెను. ప్లాస్టిక్ వేడికి సాగుతుంది. ఒకటిన్నర మీటరు ఏబీఎస్ పట్టీ, 30 డిగ్రీల వేడి తేడాకు సుమారు 4 మిల్లీమీటర్లు పెరుగుతుంది. కోలగా ఉండే రంధ్రములు ఇందుకొరకే. వాటిలో స్క్రూను కదలనంత గట్టిగా బిగిస్తే, చలికాలపు ఉదయమున చక్కగా కనబడిన లిప్ మే నెల ఎండకు అలలుగా ఉబుకుతుంది.

రెండు వైపుల జిగురు ఉండే టేపుతో అంటించే రకములను ఆల్కహాలు కలిపిన నీటితో తుడిచి, నీడలో అంటించవలెను. జిగురు పూర్తిగా పట్టుటకు మూడు రోజులు పడుతుంది. అంతవరకు కారు కడుగరాదు. పాలీప్రొపిలీన్‌పై ఈ టేపు ప్రైమరు పూయకుండా సరిగా అంటదు. టేపు ఒక్కదానిపై ఆధారపడక స్క్రూలు కూడా వేయుట క్షేమము.

చివరగా స్టీరింగును రెండు వైపులా పూర్తిగా త్రిప్పి టైరు ఎక్కడా రాసుకొనుట లేదని నిర్ధారించుకొని, లిప్‌ను చేతితో గట్టిగా లాగి చూడవలెను. వంద కిలోమీటర్లు తిరిగిన తరువాత స్క్రూలను మరొకసారి చూచుకొనవలెను.

దారిలో విరిగినపుడు

వ్రేలాడుతున్న లిప్‌ను నైలాన్ తాడుతో కట్టి దూరప్రయాణము చేయుట ప్రమాదకరము. రెండు చివరలూ ఊడినచో పూర్తిగా తీసి డిక్కీలో వేసుకొని నెమ్మదిగా పోవచ్చును. ఒక చివర మాత్రమే ఊడినచో, చక్రమునకు దూరముగా రెండు చోట్ల కేబుల్ టైలతో బంధించి, సమీపములోని మెకానిక్కు వరకు మాత్రమే నడుపవలెను.

చట్టము

మోటారు వాహనముల చట్టము, 1988 లోని 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు ఇచ్చిన మూల వివరములకు భిన్నమయ్యే విధముగా వాహనమును మార్చరాదు. కంపెనీ లిప్ స్థానములో అదే రకము బిగించుట మరమ్మతు మాత్రమే. లిప్‌ను కాపాడుటకని కొందరు బంపరు ముందు ఇనుప గార్డులు బిగిస్తారు. వీటిపై చర్య తీసుకొనవలసినదిగా కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రములకు లేఖ వ్రాసినది. ఢీకొన్నపుడు ఈ గార్డులు పాదచారులకు గాయములను పెంచుటే గాక, ఎయిర్ బ్యాగులు సరియైన సమయమున తెరుచుకొనకుండా చేయగలవు.