కల్యాణపురం అనిపించుకున్న యానాం



మా చిలుకూరు బాలాజీ గుడికి వీసా కోసం మొక్కుకుని వచ్చేవాళ్లు ఎందరో. 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకోవడం, కోరిక తీరాక వచ్చి 108 చేయడం. సరిహద్దు దాటడమంటే అంత పని మరి! కాని ఒకప్పుడు మన గోదావరి ఒడ్డున, ఏ వీసా లేకుండానే ఓ పరాయి రాజ్యంలోకి చిన్న చిన్న ఆడపిల్లలను తీసుకెళ్లేవారు. ఆ ఊరే యానాం.

గౌతమీ గోదావరి నుంచి కోరంగి పాయ చీలేచోట, 1723లో ఫ్రెంచివారు వర్తకానికి ఇక్కడ దిగారు. పక్కనే ఇంజరంలో ఇంగ్లీషువారు. ఇద్దరికీ కావలసింది మన నేతబట్టే. ఐరోపాలో వాళ్లు కొట్టుకున్నప్పుడల్లా ఇక్కడ యానాం చేతులు మారేది. చివరకు 1814 పారిస్ సంధితో ఫ్రెంచివారికే దక్కింది. ఉన్నది సుమారు 30 చదరపు కిలోమీటర్లు. చుట్టూ ఇంగ్లీషు చట్టం, నడుమ ఫ్రెంచి చట్టం!

1929లో శారదా చట్టం వచ్చింది. ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 ఏళ్లు నిండనిదే పెళ్లి చేయకూడదు. చేస్తే నెల రోజుల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 1930 ఏప్రిల్ నుంచి అది అమలైంది, కాని యానాంలో చెల్లదు. ఇంకేముంది, పెళ్లివారంతా అక్కడికే! బాల్యవివాహాలతో ఊరికి కల్యాణపురమనే పేరే వచ్చేసింది.

మా అమ్మమ్మగారి అక్కయ్యను ఎనిమిదో ఏట అలాగే పడవెక్కించారట. “ఎవరైనా అడిగితే పెళ్లికి వెళ్తున్నామని చెప్పు, ఎవరి పెళ్లో మాత్రం చెప్పకు” అన్నారట పెద్దలు. “చెప్పడానికి నాకు తెలిస్తే కదే!” అనేది ఆవిడ, నవ్వుతూనే. ఆ నవ్వు వింటే నాకు కళ్లు చెమర్చేవి.

1954 జూన్ 13న యానాం ఫ్రెంచి పాలన నుంచి బయటపడింది. 1962 ఆగస్టు 16న లాంఛనంగా భారతదేశంలో కలిసింది. ఇప్పుడది పుదుచ్చేరిలో భాగం. ఆడపిల్ల పెళ్లి వయసు కూడా 1949లో 15కి, 1978లో 18కి పెరిగింది. ఎదుర్లంక వైపు నుంచి వంతెన మీద నిమిషాల్లో యానాం చేరుకోవచ్చు.

చట్టం కళ్లు గప్పడానికి ఇప్పుడు పడవలు లేవు. కాని “మంచి సంబంధం, మళ్లీ దొరకదు” అంటూ చదువుకునే పిల్లకు తొందరపడి ముడిపెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. అలాంటిచోట ముందు పిల్లను అడగండి, ఆ పెళ్లి ఎవరిదో ఆమెకు తెలియాలి కదా!