తుంటి ఎముక వైద్యం: వెదురు బద్దల నుంచి చిన్న గాటు వరకు

మన సంఘ సభ్యులలో డెబ్బై దాటినవారే ఎక్కువ. ఇద్దరు కలిస్తే షుగరు, బీపీల తరువాత వచ్చే మాట "ఫలానావారు బాత్‌రూములో జారిపడ్డారట" అన్నదే. అందుకే ఈ ప్రత్యేక సంచికకు తుంటి ఎముక వైద్యం ఎలా మారుతూ వచ్చిందో రాయదలచాను. నేను వైద్యుణ్ణి కాను. పత్తర్‌గట్టివాణ్ణిగా చూసినదీ, తరువాత చదివి తెలుసుకున్నదీ రాస్తున్నాను.

1908 సెప్టెంబరులో మూసీ వరద అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని నేలమట్టం చేసింది. 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు తరువాతి కాలంలో ఇరుకు ఇళ్లను తొలగించి, రాతి కమానులతో పత్తర్‌గట్టి బజారు కట్టించింది. కింద దుకాణాలు, పైన కాపురాలు. మూసీ అవతలి ఒడ్డున విన్సెంట్ ఎష్ నమూనా ప్రకారం ఉస్మానియా దవాఖానా లేచింది. మదీనా దాటి నయాపూల్ ఎక్కితే ఎదుటనే అది. అయినా ఎముక విరిగితే మావాళ్లు ముందుగా పరుగెత్తింది పహిల్వాన్ దగ్గరికే. చిత్తూరు వైపు వారికి పుత్తూరు కట్టు ఎలాగో, పాతబస్తీవారికి పహిల్వాన్ కట్టు అలాగ.

ఆ కట్టును నేను తీసిపారేయను. ముంజేయి లాంటిచోట ఎముక చేతికి అందుతుంది, సరిచేసి బద్దలు కడితే ఎంతోమందికి అతుక్కుంది. తుంటి అలా కాదు. అది కండల లోతున ఉంటుంది. విరగగానే తొడ కండరాలు కింది ముక్కను పైకి లాగేస్తాయి. కాలు పొట్టిదై పాదం బయటికి తిరిగిపోతుంది. పైనుంచి ఎంత బిగించి కట్టినా లోపలి ముక్కలు కదలకుండా నిలవవు.

మా మేనత్త 1958లో మేడమెట్ల మీద జారింది. పహిల్వాన్ కట్టు కట్టాడు. నాలుగు నెలలు మంచం మీదే ఉంది. వీపున పుండ్లు పడ్డాయి, చివరకు ఊపిరితిత్తులకు నెమ్ము చేరి పోయింది. ఎముక విరగడం కన్నా మంచాన పడటమే ఆమె ప్రాణం తీసిందని ఇప్పుడు అర్థమవుతోంది. అప్పట్లో ఆపరేషన్ చేయనిచోట ఆసుపత్రిలోనైనా జరిగేది కాలికి బరువు వేలాడదీసి నెలల తరబడి పడుకోబెట్టడమే.

లండన్‌లో సర్ ఆస్ట్లీ కూపర్ 1822లోనే కీలు సంచి లోపలి విరుగుడు వేరు, బయటి విరుగుడు వేరు అని చెప్పాడు. తొడ ఎముక తలకు రక్తం ఎక్కువగా దాని మెడ మీదుగానే అందుతుంది. అక్కడ విరిగితే రక్తం తెగి, ఎముక అతుక్కోవడం కష్టమవుతుంది.

ఆపరేషన్ చేయాలంటే ముందు మత్తు కావాలి. ఆ విషయంలో మన ఊరికీ పేరుంది. 1888, 1889లలో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యాన, నిజాం ప్రభువు ఖర్చుతో ఇక్కడ రెండు క్లోరోఫారం కమిషన్లు పరిశోధన జరిపాయి. వాటి తీర్మానాలు తరువాత నిలవకపోయినా, హైదరాబాదు పేరు లండన్ వైద్య పత్రికలలో మారుమోగింది. ముసలివారికి ఎక్కువగా అక్కరకు వచ్చింది మాత్రం వెన్నులో ఇచ్చే మత్తు. జర్మనీలో ఆగస్ట్ బీర్ 1898లో దాన్ని ప్రారంభించాడు.

అసలు మలుపు అమెరికాలో వచ్చింది. బోస్టన్ వైద్యుడు స్మిత్-పీటర్సన్ 1925లో మూడు రెక్కల లోహపు మేకుతో విరిగిన మెడను బిగించాడు. అయితే అందుకు కీలును తెరవవలసి వచ్చేది. స్వీడన్‌కు చెందిన స్వెన్ యోహాన్సన్ 1932లో మేకు మధ్య పొడవునా సన్నని రంధ్రం పెట్టించాడు. ముందుగా సన్నని తీగను ఎముకలోకి పంపి, ఎక్స్‌రేలో సరిగా ఉందని చూసుకున్నాక, ఆ తీగ మీదుగా మేకును జార్చడమే. కీలు తెరిచే పని తప్పింది. నా దృష్టిలో నేటి చిన్న గాటు ఆపరేషన్‌కు మూలం ఆ రంధ్రమే. 1950ల నుంచి ఎముకను తెర మీద కదలికతో సహా చూపే ఎక్స్‌రే యంత్రం వచ్చింది, దాన్నే ఇప్పుడు సి-ఆర్మ్ అంటున్నారు. జర్మనీలో కుంట్షర్ 1939లో తొడ ఎముక బోలులోకి పొడుగాటి కడ్డీ దింపాడు. 1980లలో గామా నెయిల్, 1990ల చివర పి.ఎఫ్.ఎన్. వచ్చి, తుంటి పక్కన రెండు మూడు అంగుళాల గాటు, కింద మరి ఒకటి రెండు చిన్న గాట్లతో పని ముగియసాగింది.

అందరికీ ఇదే కుదరదు. మెడ విరిగి ముక్కలు పక్కకు జరిగిన వృద్ధులకు ఎక్కువగా ఎముక తలనే మారుస్తారు, దానికి గాటు పెద్దదే. "చిన్న గాటే కావాలి" అని డాక్టరుగారితో పట్టుబట్టడం తెలివైన పని కాదు. గాటు పొడవు కన్నా రోగి ఎంత త్వరగా లేచాడన్నదే లెక్క.

మా అక్కయ్యకు 2019లో, ఎనభై ఒకటో ఏట, తుంటి విరిగింది. పడిన మరునాడే వెన్నులో మత్తు ఇచ్చి కడ్డీ వేశారు. ఆ మరునాడు వాకర్ పట్టుకుని నిలబడింది. బ్రిటన్‌లో 2011లో వెలువడిన వైద్య మార్గదర్శకాలు కూడా చేరిన రోజో, మరునాడో ఆపరేషన్ చేయాలనే చెబుతున్నాయి. గుండె, ఊపిరితిత్తుల ఇబ్బంది ఉంటే దాన్ని సరిదిద్దడానికి ఆగవలసి రావచ్చు. బంధువులు వచ్చేదాకా, మంచి రోజు చూసేదాకా ఆగితే మాత్రం పుండ్లు, నెమ్ము, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టడం తోసుకొస్తాయి.

ఇంటికి పంపేటప్పుడు అక్కయ్యకు ఎముకల సాంద్రత పరీక్ష రాసి, గుల్లబారిన ఎముకలకు మందు మొదలుపెట్టారు. ఒక తుంటి విరిగినవారికి రెండోది విరిగే అవకాశం ఎక్కువట. బాత్‌రూము గోడకు పట్టుకొనే కమ్మీ మా బావగారే దగ్గరుండి బిగింపించారు.