మద్రాసు ట్రాం ఎందుకు ఆగింది?

మా మైలవరం పెద్దవాళ్ళకి చెన్నై ఇప్పటికీ మద్రాసే. ఉద్యోగానికి ఇక్కడికొచ్చాకే తెలిసింది, దేశంలో మొదటి ఎలక్ట్రిక్ ట్రాం నడిచింది ఈ ఊళ్ళోనేనని. 1895 మే 7న మొదలైంది. కలకత్తాకి 1902లో, బొంబాయికి 1907లో గానీ రాలేదు.

మొదట్లో కరెంటు రోడ్డు కింద కాలవలోంచి అందేదట. వానలకి అది పాడవుతుంటే పైన తీగలు వేశారు. అంటే బగ్ దొరికింది, ఫిక్స్ చేశారు!

కానీ కంపెనీ దివాలా తీస్తే ఏ ఇంజనీరు మాత్రం ఏం చేస్తాడు? 1953 ఏప్రిల్ 12న ట్రాములు ఆగిపోయాయి. అదే ఏడాది అక్టోబరు 1న మనమూ మద్రాసు నుంచి విడిపోయాం.

ఆ తర్వాత చెన్నైకి మెట్రో వచ్చింది 2015లో. పట్టాలు పీకెయ్యడం తేలికే, మళ్ళీ వెయ్యాలంటేనే తరాలు పడుతుంది. ఊరికి పనికొచ్చేదాన్ని ఒక్క కంపెనీ లాభనష్టాలకి వదిలెయ్యొచ్చా? మీరేమంటారు?