పట్టాల మధ్య ఎడం

మా తాతగారు, నాన్నగారు, మేము మూడు తరాలుగా బడిపంతుళ్ళం. సాయంకాలపు తరగతిలో నేర్చిన తెలుగుతో వ్రాస్తున్నాము, తప్పులుంటే మన్నించండి.

1853లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ రేవు నుండి కెనడాలోని మాంట్రియల్‌కు రైలుమార్గం పూర్తయింది. పట్టాల మధ్య ఎడం 5 అడుగుల 6 అంగుళాలు. భారతదేశపు బ్రాడ్ గేజి కొలతా అదే. పొరుగున బోస్టన్ మార్గాల ఎడం 4 అడుగుల 8½ అంగుళాలు. సరుకు బోస్టన్‌కు మళ్ళిపోకుండా పోర్ట్‌లాండ్ పెద్దలు కోరి పెట్టించిన తేడా ఇది.

కాని గోడ రెండువైపులా అడ్డమే. ఎడం మారిన చోటల్లా సరుకు దింపి మరో బండికి ఎక్కించాలి. కూలి ఖర్చు, ఆలస్యం, నష్టం! గుంతకల్లు జంక్షనులో మీటర్ గేజి, బ్రాడ్ గేజి చూసినవారికి ఈ బాధ తెలుసు. చివరకు 1872–74 మధ్య కెనడాలోని గ్రాండ్ ట్రంక్ కంపెనీ అమెరికా కొలతకు మారింది. 1886 మే 31, జూన్ 1 తేదీలలో అమెరికా దక్షిణ రాష్ట్రాలవారు 11,000 మైళ్ళకు పైగా దారిలో ఒక పట్టాను మూడు అంగుళాలు లోపలికి జరిపారు.

వ్యాపారం పెరిగింది, అందరికీ మేలే జరిగింది. అయితే రెండుసార్లూ జరిగినవాడు చిన్నవాడే. పొరుగువారితో కలవాలంటే ఒక కొలత ఉండాలి. ఎవరి కొలత అన్నది కూడా పిల్లలకు చెప్పాలని మా మనవి.