ఒక దేశం పాడిన చివరి పాటలు

1989 మే 6. స్విట్జర్లాండ్‌లోని లోజాన్ నగరం. యూరోవిజన్ పాటల పోటీలో ఆ రాత్రి అందరికన్నా చివర వేదికెక్కిన బృందం పేరు రీవా. ఆడ్రియాటిక్ సముద్రపుటొడ్డున ఉన్న జాదర్ ఊరి పిల్లలు. ఎమిలియా కోకిచ్ పాడింది. పాయింట్లు లెక్క తేలేసరికి 137. బ్రిటన్‌ను ఏడు పాయింట్ల తేడాతో దాటి యుగోస్లావియా గెలిచింది. 1961 నుంచి ఎదురుచూసిన గెలుపు అది. ఆ దేశానికి అదే మొదటిది, అదే ఆఖరిది. మరో మూడేళ్లకు ఆ దేశమే ఉండదని మనకు తెలుసు. ఆ రాత్రి సంబరంలో మునిగిన ఆ పిల్లలకు తెలియదు.

ఆ గెలుపు వెనక ఎనిమిది నగరాలున్నాయి. లుబ్లియానా, జాగ్రెబ్, బెల్‌గ్రేడ్, సారాయెవో, స్కోప్యే, టిటోగ్రాడ్, నోవీ సాద్, ప్రిష్టినా. ఒక్కో నగరానికి ఒక టీవీ కేంద్రం. తమ తమ పాటలను ఒకచోటికి తెచ్చి, జ్యూరీల ఓట్లతో ఒక్కదాన్ని ఎంచి, అందరి పేరు మీదా సాగనంపేవారు. ఒక ఏడు స్లోవేనియన్‌లో, ఒక ఏడు సెర్బో-క్రొయేషియన్‌లో ఆ దేశం పాడింది. 1964లో బోస్నియా గాయకుడు సాబాహుదిన్ కుర్త్ కోపెన్‌హాగెన్ వెళ్లి సున్నాతో తిరిగొచ్చాడు. ఆ సున్నా కూడా అందరిదే. 1983లో టిటోగ్రాడ్ కేంద్రం పంపిన దానియెల్ నాలుగో స్థానం తెచ్చాడు. ఆ నాలుగో స్థానమూ అందరిదే. ఇంతకన్నా గొప్ప ఐక్యత ఏ ప్రభుత్వ ప్రకటనలోనూ నాకు కనిపించదు.

అయితే తరుగు మొదలైంది కూడా ఆ పాటల దగ్గరే. విత్సే వుకోవ్ అనే గాయకుడు 1963లోనూ 1965లోనూ యుగోస్లావియా తరఫున పాడాడు. 1971లో, యుగోస్లావియాలో భాగమైన క్రొయేషియాలో లేచిన జాతీయ ఉద్యమాన్ని పాలకులు అణిచివేసినప్పుడు, ఆ వేటు ఆయన మీదా పడింది. దేశం విడిచి పారిస్‌లో తలదాచుకున్నాడు. తిరిగొచ్చాక కూడా ఏళ్ల తరబడి ఆయనకు వేదిక దొరకలేదు. దేశమంతా తమదనుకున్న గొంతు అది. దాన్ని కాపాడుకుని ఉంటే, మనసులో ఉన్నది పైకి చెప్పుకునే చోటు ఒకటి మిగిలేదేమో. నొక్కిపెట్టిన మాట తర్వాత మాటగా బయటికి రాలేదు.

1985లో పోటీ మే 4న పడింది. అది ఆ దేశాన్ని దశాబ్దాలు ఏలిన మార్షల్ టిటో వర్ధంతి. ఆ రోజున పాడలేమని యుగోస్లావియా ఆ ఏడు పోటీకే వెళ్లలేదు.

మళ్లీ 1989 గెలుపు దగ్గరికి వస్తే, గెలిచిన దేశమే మరుసటి ఏడు ఆతిథ్యమివ్వడం ఆనవాయితీ. 1990 మే 5న యూరప్ అంతా జాగ్రెబ్‌లోని వాత్రోస్లావ్ లిసిన్‌స్కీ సంగీతశాల వైపు చూసింది. బెర్లిన్ గోడ కూలి ఆరు నెలలే అయింది. నార్వే బ్రాండెన్‌బర్గ్ ద్వారం గురించి పాడింది. ఆస్ట్రియా ఇక గోడలే లేవని పాడింది. గెలిచిన ఇటలీ గాయకుడు తోతో కుతూన్యో, 1992 నాటికి యూరప్ అంతా ఒకటవుతుందని పాడాడు. ఆ హాల్లో అందరూ చప్పట్లు కొట్టారు. ఆ 1992 తమ ఇంటికి ఏ రూపంలో వస్తుందో వాళ్లకెలా తెలుస్తుంది!

ఆ శనివారం క్రొయేషియాలో రెండు విడతల ఎన్నికల మధ్య వచ్చింది. మర్నాడు ఉదయమే రెండో విడత పోలింగ్. జనం ఓటేశారు, జాతీయవాద పక్షం నెగ్గింది. పాటల పండుగ జరిగిన ఎనిమిదో రోజున అదే నగరంలో, మాక్సిమిర్ మైదానంలో, జాగ్రెబ్ జట్టు అభిమానులు, బెల్‌గ్రేడ్ జట్టు అభిమానులు ఫుట్‌బాల్ మ్యాచ్‌ను వదిలేసి ఒకరి మీద ఒకరు పడ్డారు. ఆ ఎనిమిది రోజుల దగ్గరే నా మనసు ఆగిపోతుంది. ఆ వారంలో ఎవరైనా పెద్దమనుషులు కూర్చుని మాట్లాడుకుని ఉంటే? అప్పటికి ఇంకా ఎవరి ఇల్లూ కాలలేదు.

1991లో ఎంపిక పోటీ సారాయెవోలో జరిగింది. బెల్‌గ్రేడ్ గాయని బెబీ డోల్ నెగ్గింది. రోమ్‌లో పోటీ మళ్లీ మే 4నే వచ్చింది. ఆరేళ్ల కింద టిటో కోసం మౌనం పాటించిన దేశం ఈసారి అదే రోజున పాడింది. రెండు రోజుల ముందే క్రొయేషియాలోని బోరోవో సెలో గ్రామంలో పన్నెండు మంది క్రొయేషియన్ పోలీసులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. రోమ్‌లో ఆమెకు వచ్చింది ఒకే ఒక్క పాయింటు. మాల్టా ఇచ్చింది. జూన్ 25న స్లోవేనియా, క్రొయేషియా స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాయి. ఆ ఏడే జాదర్ మీద గుండ్లు కురిశాయి. దేశానికి గెలుపు తెచ్చిన ఊరి మీద, ఆ దేశపు సైన్యమే.

1992 మార్చి 28న బెల్‌గ్రేడ్‌లో ఆఖరి ఎంపిక. లుబ్లియానా లేదు, జాగ్రెబ్ లేదు. సారాయెవో నుంచి మాత్రం ఇంకా పాటలు వచ్చాయి. పది రోజులు గడవకముందే సారాయెవో ముట్టడి మొదలైంది. మే 9న స్వీడన్‌లోని మాల్మోలో ఎక్స్‌ట్రా నేనా యుగోస్లావియా పేరు మీద పాడి పదమూడో స్థానంలో నిలిచింది. ఆమెను ఎంపిక చేసిన దేశం అప్పటికే లేదు. పేరు ఒక్కటే మిగిలింది. ఆ నెలాఖరులో ఐక్యరాజ్యసమితి ఆంక్షలు వచ్చాయి. ఆ పేరుతో మళ్లీ ఎవరూ యూరోవిజన్‌లో పాడలేదు.

మరుసటి ఏడు ఐర్లాండ్‌లోని మిల్‌స్ట్రీట్ అనే చిన్న ఊళ్లో ముగ్గురు కొత్తవాళ్లు కనిపించారు: స్లోవేనియా, క్రొయేషియా, బోస్నియా. ఆ పోటీకి ఆరు రోజుల ముందే మోస్తార్‌లో క్రొయేషియన్ సేనలకూ బోస్నియా సైన్యానికీ పోరు రాజుకుంది. ఇక్కడేమో రెండు జెండాలూ ఒకే వేదిక మీద. బోస్నియా గాయకుడు ఫజ్లా బృందం సారాయెవో విమానాశ్రయపు రన్‌వే మీదుగా, తుపాకీ గురి కింద పరుగెత్తి బయటపడింది. వాళ్ల వాద్యబృంద నిర్దేశకుడు రాలేకపోయాడు. ఐర్లాండ్‌కు చెందిన నోయెల్ కెలెహన్ ఆ చోట నిలబడి వాద్యబృందాన్ని నడిపాడు. ఓట్ల వేళ గరగరమంటున్న టెలిఫోన్ లైనులో సారాయెవో గొంతు వినిపించగానే హాలంతా చప్పట్లతో మారుమోగింది. ఆ నగరం నిప్పుల్లో ఉండి కూడా, ఎవరి పాట బాగుందో చెప్పడానికి ఫోన్ చేసింది. దీన్ని తలుచుకుని కన్నీళ్లు ఆపుకోవడం నాకు చేతకాదు.

2007లో హెల్సింకిలో సెర్బియా గెలిచింది. మారియా షెరిఫోవిచ్ పాడింది. ఆ రాత్రి స్లోవేనియా పన్నెండు పాయింట్లిచ్చింది. క్రొయేషియా పన్నెండు. బోస్నియా పన్నెండు. మాసిడోనియా, మాంటెనెగ్రో కూడా పన్నెండేసి. ఇవ్వగలిగినందులో అన్నిటికన్నా ఎక్కువ. మధ్యలో జరిగిన యుద్ధాల్లో పోయినవాళ్లు లక్షకు పైనే. వాళ్లలో చాలామంది 1989 మే రాత్రి టీవీల ముందు కూర్చుని జాదర్ పిల్లల కోసం కేకలు వేసే ఉంటారు.