క్షౌరపు కత్తికి ఆఖరి రాయి

ప్రత్యేక సంచికకు వ్యాసమంటే మన మిత్రులు సాధారణంగా సర్వీసు జ్ఞాపకాలో, పెన్షను సంగతులో రాస్తుంటారు. నేను ఈసారి ఒక రాయిని గురించి రాయదలచుకున్నాను. నవ్వుకున్నా ఫరవాలేదు, చివరిదాకా చదవమని మనవి.

మా చిన్నతనంలో, అంటే 1950లు, 60లలో, మా ఊరి క్షురకవృత్తి పెద్దాయన పొది చంకన పెట్టుకుని ఇంటింటికీ వచ్చేవారు. ఏడాదికోసారి కళ్లంలో కొలిచే మేర గింజలే ఆయనకు జీతం. మా అరుగు కింద గొంతుక్కూర్చుని, నల్లని చిన్న రాయి మీద నాలుగు నీటిచుక్కలు వేసి, కత్తిని మెల్లగా నూరి, తోలుపట్టా మీద తిప్పేవారు. ఆ రాయి మధ్యలో అరిగి పల్లమైపోయింది. "కొత్తది కొనుక్కోవచ్చుగా?" అని అడిగాను. "దొరుకుద్ది బాబూ. దీని గుణం నాకు తెలుసు. దాని గుణం తెలియాలంటే మళ్లీ ఏళ్లు పడద్ది" అన్నారు. ఆ మాట విలువ నాకు పదవీ విరమణ తరువాత గాని తెలియలేదు.

నాన్నగారి పెట్టెలో ఒక పాత క్షౌరపు కత్తి దొరికింది. దాన్ని వాడుకలోకి తేవాలని ముచ్చటపడి, దానికి తగిన రాళ్ల చరిత్ర చదవడం మొదలుపెట్టాను.

కత్తి నూరడం ఒక్క రాయితో అయ్యే పని కాదు. ముందు గరుకు రాయి అంచుకు రూపమిస్తుంది. తరువాతి రాళ్లు ఆ గీతలను సన్నబరుస్తాయి. ఆఖరి రాయి అంచును నునుపు చేసి, చర్మానికి హాయిగా ఉండేలా తీర్చిదిద్దుతుంది. ఈ ఆఖరి రాయి విషయంలోనే లోకమంతా తర్జనభర్జన పడింది.

ఇది ఈనాటి చర్చ కాదు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు మరణించిన రోమన్ పండితుడు ప్లినీ, తన ప్రకృతి చరిత్ర 36వ భాగంలో సానరాళ్లను వర్గాలుగా విడదీశాడు. నూనెతో వాడేవి కొన్ని, నీటితో వాడేవి కొన్ని. మంగలి అంగళ్లలో ఉమ్మితో తడిపి వాడే మెత్తని రాళ్లను వేరే రకంగా చెప్పి, వాటిలో స్పెయిన్ దేశపు లామినియం రాళ్లు మేలైనవన్నాడు. అంటే దాదాపు రెండువేల ఏళ్ల క్రితమే క్షౌరానికి ప్రత్యేకమైన రాయి ఉండేదన్నమాట.

తరువాతి కాలంలో ఎక్కువ పేరు తెచ్చుకున్నది బెల్జియంలోని ఆర్డెన్ కొండల కొటికూల్. ఈ పేరు చిన్న సానరాయి అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. మీగడ రంగులో ఉండే ఈ రాయి సుమారు 48 కోట్ల సంవత్సరాల నాటిది. దానిలో కంటికి కనిపించనంత చిన్న గార్నెట్ స్ఫటికాలు కిక్కిరిసి ఉంటాయి. మన భీమునిపట్నం తీరపు ఇసుకలో దొరికేదీ గార్నెట్ జాతి ఖనిజమే. కొటికూల్‌లోని గార్నెట్లు పలు ముఖాలతో ఇంచుమించు గుండ్రంగా ఉండడంవల్ల ఉక్కును అరగదీస్తాయి గాని లోతుగా గీరవు. అదే దాని రహస్యం. ఈ పొరలు భూమిలో సన్నగా ఉంటాయి, రాయి పెళుసు. అందుకే కోసిన పలకకు అడుగున మరో పలకరాతిని అతికించి అమ్మేవారు.

జర్మనీలోని తురింగియా ప్రాంతంలో మరొక రకం, నున్నని పలకరాయి, దొరికేది. అక్కడి స్టైనాఖ్ ఊరు బడిపిల్లల పలక బలపాల తయారీకి కూడా ప్రసిద్ధి. జపానులో క్యోటో కొండల రాళ్లు ప్రఖ్యాతిగాంచాయి.

ఈ వైభవానికి దెబ్బ అమెరికా నుంచి వచ్చింది. కింగ్ క్యాంప్ జిల్లెట్ కంపెనీ 1903లో అమ్మినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు మాత్రమే. కాని మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులకు ఆ రేజర్లే పంచారు. యుద్ధం ముగిసేసరికి లక్షల మందికి ఆ అలవాటు పట్టింది. నూరే అవసరం లేని బ్లేడు వచ్చాక నూరే రాయితో పనేముంది? ఆర్డెన్ గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 20వ శతాబ్దం చివరలో చిన్న ఎత్తున తవ్వకం మళ్లీ మొదలైంది. సామ్‌షాటో అనే ఊళ్లో ఈ రాతికి ఒక మ్యూజియం కూడా ఉంది.

విదేశంలో ఉన్న మా అబ్బాయి నా ముచ్చట విని ఒక కొటికూల్ ముక్క పంపాడు. ఇక నా కత్తికి తిరుగులేదనుకున్నాను. మూడు వారాలు నూరినా వెంట్రుక తెగలేదు, పీకింది! తప్పు రాతిది కాదు. గరుకు రాతి మీద అంచు కుదరకుండానే నేను ఆఖరి రాతికి వెళ్లిపోయాను. చిత్తుప్రతిలో తప్పు దిద్దకుండా శుద్ధప్రతి ఎంత అందంగా రాస్తే మాత్రం ఏం లాభం? ముప్పై ఏళ్లు గుమాస్తాగిరీ చేసినవాడికి ఈమాత్రం తెలియకపోవడం విచిత్రమే.

ఆసక్తి ఉన్నవారికి నేను నేర్చుకున్న నాలుగు ముక్కలు చెబుతాను. యంత్రంతో చేసిన రాతికి అంకె ఉంటుంది. ప్రకృతి రాతికి అంకె లేదు. ఒకే గనిలోని రెండు రాళ్లు కూడా ఒకలా ఉండవు. కాబట్టి రంగునూ, పేరునూ, పాత లేబులునూ చూసి ధర పెట్టకూడదు. గోటితో అడ్డంగా గీచి చూడాలి. గట్టి గీత తగిలితే అది అంచును పాడుచేస్తుంది. పగుళ్లు ఉండకూడదు, రాయి చదునుగా ఉండాలి. పెద్ద పలక అక్కరలేదు. వంకరటింకర చిన్న ముక్క చవకగా వస్తుంది, పనీ అంతే చేస్తుంది. కొటికూల్ మీద చిన్న రాతితో రుద్ది పాలలాంటి గుజ్జు తీస్తే పని త్వరగా సాగుతుంది. నీరు చేర్చుతూ ఆ గుజ్జును పలచబరిస్తే అంచు నునుపెక్కుతుంది. చివరకు ఉత్త నీటితో నూరి, తోలుపట్టా మీద తిప్పాలి. అన్నిటికంటే ముఖ్యం, ఒక రాయిని ఎంచుకున్నాక దాన్నే చాలాకాలం వాడాలి.

ఇంతా చదివి, ఇంతా చేసి నేను తెలుసుకున్నది ఆ పెద్దాయన ఒక్క వాక్యంలో చెప్పిన మాటే. ఊరంతా ఆయనను "ఏరా" అనేది. పదేళ్లవాణ్ణి, నేనూ "నువ్వు" అనే అన్నాను. ఆ నల్లరాయి ఎక్కడిది, ఎవరు నేర్పారు అని అడిగిన పాపాన పోలేదు. నేను ఉద్యోగంలో చేరిన కొద్ది కాలానికే ఆయన పోయారు. తరువాత ఎప్పుడో ఊరికి వెళ్లి వాకబు చేస్తే, రాయి ఇంట్లోనే ఉంది గాని దాని సంగతి చెప్పగలిగినవారు లేరు. అబ్బాయిలు పట్నంలో సెలూను పెట్టుకుని బ్లేడుకత్తులకు మారిపోయారు.

ప్లినీ రాసి ఉంచబట్టి లామినియం రాయి పేరు మిగిలింది. మా ఊరి రాయి చరిత్ర రాసినవారు లేరు. మన ఇళ్లలో ఇంకా పాత పనిముట్లు ఉన్నాయి, కొద్దిమందైనా వాటిని వాడిన పెద్దలు ఉన్నారు. వారి దగ్గర కూర్చుని, "మీరు" అని సంబోధించి, నాలుగు మాటలు రాసిపెట్టమని మన కుటుంబాల్లోని పిల్లలను కోరుతున్నాను.