డ్రాగన్ జాడీ

దగ్గరికి జరగండర్రా, మంట ఇంకా బాగానే ఉంది. పొద్దున అటక మీంచి దింపిన గోధుమరంగు జాడీ ఏమిటని చిన్నాడు అడిగాడుగా, దాని ముచ్చట చెబుతాను.

మా తాతగారు మౌల్మీన్‌లో బియ్యం మిల్లులో పనిచేసి తిరిగొస్తూ తెచ్చిన జాడీ అది. అప్పట్లో కాకినాడ నుంచి, విశాఖపట్నం నుంచి బర్మాకు ఓడలు నడిచేవి. మనవాళ్ళు వేలమంది వెళ్ళి రేవుల్లో, మిల్లుల్లో ఒళ్ళు హూనం చేసుకునేవారు. మౌల్మీన్‌కి ఎదురుగా, నది అవతలి ఒడ్డున మర్తబాన్ అని పాతకాలం రేవు. ఇలాంటి పెద్ద జాడీలన్నిటికీ దేశదేశాల్లో ఆ రేవు పేరే పెట్టారు. బర్మాలోనూ జాడీలు చేసేవారు గానీ, ఒంటి మీద డ్రాగన్ పాకే ఈ రకానికి పుట్టిల్లు మాత్రం దక్షిణ చైనా.

14వ శతాబ్దంలో ఇబ్న్ బతూతా అనే యాత్రికుడికి ఒక రాకుమార్తె కానుకలు పంపింది. వాటిలో నాలుగు మర్తబాన్లున్నాయి. వాటి నిండా అల్లం, మిరియాలు, నిమ్మకాయలు, మామిడికాయలు, అన్నీ ఓడ ప్రయాణానికని ఉప్పులో ఊరేసినవి. మిరపకాయ అప్పటికింకా మన దేశానికే రాలేదు. ఊరగాయకీ జాడీకీ చుట్టరికం అంత పాతది!

కుండలో ఉప్పు పోస్తే ఏమవుతుందో మీ అమ్మనడగండి. చెమరుస్తుంది, పొలుసులు పొలుసులుగా రాలుతుంది. జాడీకి ఆ బాధ లేదు. దాని మట్టి వేరు, కాల్పు వేరు. 1,200 డిగ్రీలు దాటిన వేడిలో ఆ మట్టి దాదాపు రాయైపోతుంది, నీటిని పీల్చుకోదు. పైన పూసిన బూడిద, మట్టి కలిపిన పూత కరిగి గాజులా పట్టేస్తుంది. ఆ పూతలో ఉన్న ఇనుముదే రంగంతా. కాల్చే బట్టీలోకి గాలి ధారాళంగా వెళితే తేనెరంగు, గోధుమరంగు వస్తాయి. గాలి బిగబట్టి కాలిస్తే లేతాకుపచ్చ. కొండవాలు మీద బారుగా పాకినట్టు కట్టే బట్టీలనే డ్రాగన్ బట్టీలంటారు. ఫోషాన్ దగ్గర షీవాన్‌లో 16వ శతాబ్దం మొదట్లో కట్టిన అలాంటిది ఒకటి ఇప్పటికీ మండుతోంది.

ఇక ఆ డ్రాగన్ సంగతి. మీరు సినిమాల్లో చూసే నిప్పులు కక్కే రాక్షసి కాదర్రా అది. చైనావాళ్ళకి అది నీటికి దొర. మబ్బుల్లో తిరుగుతూ వానలు కురిపిస్తుంది. మనం వరుణుణ్ణి వేడుకున్నట్టే, కరువొస్తే వాళ్ళు దాన్ని వేడుకునేవారు. వేలి చివర తడిమి చూడండి, ఉబ్బెత్తుగా తగులుతుంది. సన్నటి మట్టి తీగలు చేసి, పచ్చి జాడీకి అతికించి, పొలుసులు గీసి, ఆపైన పూత పోశాడు ఆ కుమ్మరి. దాని ముందున్న గుండ్రటిది నిప్పులు చిమ్మే ముత్యం. చుట్టూ ఉన్నవి మబ్బులు. అయిదు గోళ్ళ డ్రాగన్ చక్రవర్తి సొత్తు, కాబట్టి సరుకు జాడీల మీద మూడో నాలుగో గోళ్ళుంటాయి. లెక్కపెట్టండి, దీనికి నాలుగే.

మిగతా బొమ్మలూ ఉత్త అలంకారం కాదు. తామర శుచికి గుర్తు, అది బౌద్ధంతో పాటు మన దేశం నుంచే అక్కడికి వెళ్ళిన భావన. పీచ్ పండు దీర్ఘాయువుకి, విచ్చిన దానిమ్మ పిల్లాపాపలకి, పియొనీ పువ్వు సిరికి. గబ్బిలాన్ని మనం అశుభమంటాం గానీ, వాళ్ళ భాషలో దాని పేరూ భాగ్యం పేరూ ఒకేలా పలుకుతాయి, అందుకని శుభమని గీస్తారు. నన్ను కదిలించేది ఇదే: ఓడలో దొర్లిపోయే సరుకు పాత్ర మీద కూడా, తాను ఎన్నడూ చూడని ఇంటివాళ్ళు చల్లగా ఉండాలని కోరుకున్నాడు ఆ మనిషి.

ఇలాంటి జాడీలు ఎక్కడెక్కడికి వెళ్ళాయో వినండి. 1998లో ఇండోనేషియాలో బెలిటుంగ్ దీవి దగ్గర, దాదాపు 1,200 ఏళ్ళ కిందట మునిగిన ఓడ ఒకటి దొరికింది. అందులో పెద్ద జాడీల్లో వేల గిన్నెలు చుట్టలు చుట్టలుగా పేర్చి ఉన్నాయి. బోర్నియోలో దయాక్ తెగలవాళ్ళు ఇలాంటి జాడీల్లో ఆత్మలుంటాయని నమ్మేవారు, తప్పు చేసినవాడు జరిమానాగా జాడీ ఇచ్చుకునేవాడు. జపాన్‌లో ఒక చైనా జాడీకి చిగుసా అని పేరే పెట్టి, తేయాకు దాచి, మూతికి పట్టుగుడ్డ కట్టి అపురూపంగా చూసుకున్నారు. అది ఇప్పుడు వాషింగ్టన్‌లో ఒక మ్యూజియంలో ఉంది.

మన తీరానికీ చైనా సరుకు వచ్చింది. ఓడ మునిగినా వర్తకుల సరుకు లాక్కోబోమని కాకతీయ గణపతిదేవుడు అభయమిచ్చిన మోటుపల్లిలోనూ, నెల్లూరు ప్రాంతపు కొత్తపట్నంలోనూ తవ్వకాల్లో చైనా పాత్రల పెంకులు బయటపడ్డాయి.

అందుకని చెబుతున్నాను. మీ మీ ఇళ్ళల్లో పాత జాడీ కనిపిస్తే, అంచు పగిలిందనో బరువనో పాత సామాన్లవాడికి ఇచ్చేయకండి. డ్రాగన్ ఉన్నంత మాత్రాన పాతదని అనుకోకండి కూడా, కొత్త నకళ్ళు బోలెడు. బోర్లించి పూత లేని అడుగు చూడండి, తెలిసినవాళ్ళకి చూపించండి. అంతకన్నా ముందు, దాన్ని ఎవరు, ఏ రేవు నుంచి తెచ్చారో ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే అడిగి రాసిపెట్టుకోండి.